పండ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?

"పండ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం" అని మనవారు ఒక సామెత చెబుతారు. చెడిపోదలచిన వాడికి సాధనం ఏదైనా ఒకటేనని దాని భావం. సామెతలో చమత్కారం ఉన్నది గాని, చరిత్రను తరచి చూస్తే అందులోని సత్యం సగమేనని తోస్తుంది. పండ్లు ఊడగొట్టుకోవాలని సంకల్పించి రాయి చేతబట్టిన వాడు ఎక్కడా కానరాడు. మన పెద్దలు తమ పండ్లకు చేసుకున్న కీడులో అధికభాగం మేలు చేసుకుంటున్నామన్న నమ్మకంతో చేసుకున్నదే. శుభ్రత పేరుతో ఒకటి, మర్యాద పేరుతో ఒకటి, మందు పేరుతో ఒకటి, బ్రతుకుదెరువు పేరుతో మరొకటి ఇంట్లోకి వచ్చి, అలవాటుగా మారి, చివరకు పన్నునే గాక ప్రాణాన్ని కూడా తీసుకొనిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ రాళ్ళు ఏ ఏ త్రోవల వచ్చాయో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విచారణకు మా ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం తగిన తావు. కర్నూలు జిల్లాకు పడమటి అంచున ఉన్న ఈ సీమ విజయనగర రాజుల ఏలుబడిని, బిజాపురం సుల్తానుల ఏలుబడిని, మొగలాయీల, నిజాముల పెత్తనాన్ని చూచింది. 1800లో దత్తమండలాలతో పాటు కుంపెనీ చేతికి పోయింది. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు బళ్ళారి జిల్లాలోనిదే. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన నాడే మనవైపు వచ్చి కలిసింది. తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ మూడూ ఒకే సంతలో వినిపించే చోటు ఇది. భాషలు ఎలా కలిశాయో, నోటి అలవాట్లు కూడా అలాగే కలిశాయి.

పుల్ల

ముందుగా మాటను చూద్దాము. తెలుగులో పంటికి 'పలు' అన్నది ప్రాచీన రూపం. తమిళంలో 'పల్', కన్నడంలో 'హల్లు' దీని తోబుట్టువులే. బహువచనంలో 'పండ్లు' అనడం మావైపు నేటికీ వాడుక. కోస్తా వారు 'పళ్ళు' అంటారు. 'పండ్లు తోము పుల్ల' అన్నది జనుల నోళ్ళలో నలిగి 'పందుంపుల్ల' అయింది. ఒక పనిముట్టు పేరు ఇంతగా అరిగిపోయిందంటే ఆ పనిముట్టు ఎన్ని తరాలుగా, ఎంత నిత్యంగా వాడుకలో ఉండెనో ఊహించుకోవచ్చును.

సుశ్రుత సంహితలోని చికిత్సాస్థానంలో దంతధావనాన్ని గురించిన విధి ఉన్నది. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు, చిటికెనవ్రేలి లావు ఉండవలెనట; ఇక్కడ అంగుళమంటే ఇంచి కాదు, వ్రేలి వెడల్పు. పుల్ల తిన్నగా, ముడులు లేకుండా, పచ్చిగా ఉండవలెను. చేదు రుచి గలవాటిలో వేప, వగరు గలవాటిలో చండ్ర, కారపు గుణం గలవాటిలో కానుగ శ్రేష్ఠమని చెప్పబడింది. ఇవన్నీ మనలో చాలామందికి తెలిసిన సంగతులే. తరచుగా మనం మరచిపోయేది వేరొకటి ఉన్నది. మెత్తని కుంచె వంటి కొసతో, ఒక్కొక్క పంటినే, చిగుళ్ళకు బాధ కలుగకుండా శుద్ధి చేయవలెనని సుశ్రుతుడు నిర్దేశించాడు. నోటిపూత, దగ్గు, వాంతులు, అజీర్ణం వంటివి ఉన్నవారు పుల్లను ముట్టరాదని కూడా చెప్పాడు. అంటే గట్టిగా తోమితేనే శుభ్రమన్న భావం శాస్త్రంలో లేదు. అది మనం తరువాత చేర్చుకున్నది.

వేపపుల్లను కూడా మావైపు అందరూ శాస్త్రం చెప్పినట్లు వాడలేదు. కొసను బాగా నమలి కుంచెగా చేసుకునే ఓపిక లేక, మొరటు పుల్లతోనే అడ్డంగా రుద్దేవారు ఎందరో. అలా ఏళ్ళ తరబడి రుద్దగా చిగురు క్రిందికి జారి, పంటి మొదట్లో గొడ్డలితో నరికినట్లు గంటు పడుతుంది. చల్లనీళ్ళు తాకితే జివ్వుమని లాగేది ఆ గంటులోనే. ఆధునిక దంతవైద్యులు ఆ గంటుకు ఒక ముఖ్యకారణంగా చెప్పేదీ ఈ అడ్డపు రుద్దుడునే. నేటి గట్టి ప్లాస్టిక్ కుచ్చుల బ్రష్షుతో బలం కొద్దీ తోమేవారు కూడా అదే పని చేస్తున్నారు. నైలాను కుచ్చుల బ్రష్షు 1938లో అమెరికాలో అంగడికి వచ్చింది. సాధనం మారింది గాని చేతివాటం మారలేదు.

పొడి

పుల్ల దొరకని చోట పొడి వచ్చింది. పట్టణం పెరిగిన కొద్దీ చెట్టు దూరమయింది. పిడకల బూడిద, పొయ్యిలోని బొగ్గు, ఉప్పు, మెత్తగా నూరిన ఇటుకపొడి, కడకు వంక ఇసుక కూడా పండ్లపొడి అయినవి. ఇంట్లో ఇత్తడి చెంబును ఏ పొడితో తళతళలాడేటట్లు తోముతారో ఆ పొడితోనే నోరు కూడా తోమారు. ఆ తర్కం సహజమైనదే. చెంబు మెరిసినది గనుక పన్ను కూడా మెరుస్తుందని వారు అనుకున్నారు.

ఈ తర్కంలోని లోపం ఎక్కడున్నదో చెప్పడానికి ఖనిజశాస్త్రంలోని చిన్న లెక్క చాలు. పదార్థాల గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు అంకెలతో కొలిచే మోహ్స్ కొలమానం ఒకటి ఉన్నది. పంటిపై ఉండే పింగాణి వంటి పొరకు, అనగా ఎనామెల్‌కు, ఆ కొలమానంలో సుమారు 5 స్థానం. ఇసుకలోను, ఇటుకలోను ఉండే స్ఫటికశిలకు, అనగా క్వార్ట్జ్‌కు, 7. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుందన్నది ఆ లెక్కలోని సూత్రం. ఎనామెల్ క్రింద ఉండే డెంటిన్ మరింత మెత్తనిది. చెంబు అరిగితే కంచరి దగ్గర కొత్తది కొనుక్కోవచ్చును. ఎనామెల్ ఒకసారి అరిగితే శరీరం మళ్ళీ తయారు చేయదు. ఆ తెల్లని పొర పలుచబడిన కొద్దీ లోపలి పసుపు వన్నె డెంటిన్ బయటికి తెలుస్తుంది. పసుపు పోవాలని రుద్దినవాడికి పసుపే మిగులుతుంది. చూచి మరింత రుద్దుతాడు. ఈ వలయంలో ఎన్ని నోళ్ళు అరిగిపోయాయో!

ఇందులో మరొక విషాదం కూడా ఉన్నది. కొన్ని ఊళ్ళలో పిల్లల పండ్లపై పుట్టుకతో వచ్చినట్లు పసుపు, గోధుమ వన్నె మచ్చలు, గీతలు ఉంటాయి. పెద్దలు, మాబోటి ఉపాధ్యాయులు కూడా, "పండ్లు తోముకోని మొద్దు" అని పిల్లవాణ్ణి గద్దించడం పరిపాటిగా ఉండేది. ఆ మచ్చ మురికి కాదు. త్రాగేనీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్నప్పుడు, చిగురులోపల పన్ను రూపుదిద్దుకునే వయస్సులోనే ఆ మచ్చ పడిపోతుంది. నాటి మద్రాసు రాష్ట్రంలో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని నెల్లూరు ప్రాంతంలో గుర్తించి షార్ట్ ప్రభృతులైన వైద్యులు 1937లో ప్రకటించారు. తరువాత నల్లగొండ పేరు ఈ వ్యాధితో లోకమంతటా వినబడింది. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. మన కర్నూలు జిల్లాలోను కొన్ని పల్లెల బోరునీటికి ఈ దోషం ఉన్నది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఇది పంటిలోని మచ్చ గనుక తోమితే పోదు. దాన్ని పోగొట్టాలని ఇటుకపొడితో రుద్దిన బిడ్డకు నీరు చేసిన కీడు ఒకటి, నిష్కారణమైన నింద ఒకటి, ఇటుక చేసిన కీడు మరొకటి.

పొట్లాల్లోను డబ్బాల్లోను అమ్మే పండ్లపొడులు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చాయి. మైసూరు సీమలోని నంజనగూడు పండ్లపొడి 1913 నాటిది. కన్నడదేశపు సరుకులకు అలవాటుపడిన మా సీమకు అది పరిచితమైన పేరు. కోల్గేట్ కంపెనీ భారతదేశంలో 1937లో కాలుపెట్టింది. ఇప్పుడు విచిత్రమేమంటే, ఒకనాడు మనం నాగరికత పేరుతో వదిలిన బొగ్గుపొడి అందమైన గొట్టాలలో మళ్ళీ అంగడికి వచ్చింది. అది పండ్లకు క్షేమమని గాని, తెలుపు చేస్తుందని గాని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికా దంతవైద్య సంఘపు పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

తాంబూలం

శుభ్రత పేరుతో వచ్చినదాన్ని చూచాము. ఇక మర్యాద పేరుతో వచ్చినదాన్ని చూద్దాము. మావైపు దాన్ని వక్కాకు అంటారు. పెండ్లి నిశ్చయమైతే తాంబూలాలు పుచ్చుకుంటారు. నోములో వాయనం, ఇంటికి వచ్చిన ముత్తైదువకు గౌరవం, పంచాయతీలో ఒప్పుదల అన్నీ తాంబూలమే. కృతి చెప్పాలంటే ఏమేమి కావాలో చాటుపద్యంలో చెప్పిన అల్లసాని పెద్దన కర్పూర విడెమును కూడా ఆ జాబితాలో చేర్చుకున్నాడు.

1443లో పారశీక రాజు షారుఖ్ పంపగా హిరాత్ నుండి రాయబారిగా విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్, రెండవ దేవరాయల కొలువులో తాంబూలపు మర్యాదను చూచి ఆశ్చర్యపడ్డాడు. అది ముఖానికి కాంతినిస్తుందనీ, ఆకలిని అణచుతుందనీ, జీర్ణశక్తిని పెంచుతుందనీ, నోటి దుర్వాసనను పోగొడుతుందనీ వ్రాస్తూ, పండ్లను గట్టిపరుస్తుందని కూడా వ్రాశాడు. ఆదోని దుర్గం నాడు ఆ రాజ్యంలోనిదే. ఒక విదేశీయుడు తనకై తాను కనిపెట్టిన మాట కాదు ఇది. ఆ కొలువులో అందరూ నమ్మినదాన్నే అతడు వ్రాసుకున్నాడని భావించవచ్చును.

ఆయుర్వేదం తాంబూలాన్ని మెచ్చుకున్నది నిజమే. నిద్రలేచిన వెనుక, భోజనానంతరం, స్నానానంతరం అది హితమని సుశ్రుతుడు చెప్పాడు. రక్తపిత్తం, క్షతం, మూర్ఛ మొదలైనవి ఉన్నవారికి అహితమనీ చెప్పాడు. కర్పూరం, జాజికాయ, లవంగం చేర్చి సమయం చూచి వేసుకునే తాంబూలం వేరు. మగ్గంలో కూర్చున్నంతసేపు, పత్తిచేనిలో ఉన్నంతసేపు బుగ్గలో నిలిపే వక్కాకు వేరు. మొదటిది మర్యాద, రెండవది ఆకలి. కూలివానికి మధ్యాహ్నపు ఆకలిని అణచడానికి అంతకంటె చౌకైనది ఏమున్నది? అబ్దుర్ రజాక్ చెప్పిన గుణాలలో ఈ ఒక్కటే పేదవానికి అక్కరకు వచ్చినది.

వక్క గట్టిది, ఏళ్ళ తరబడి నమలితే దవడపండ్ల ముఖాలు అరిగి చదునైపోతాయి, కొన్ని చీలుతాయి. సున్నం పంటిపై గార కట్టడానికి తోడవుతుంది. గార చిగురును త్రోసివేస్తుంది. ఇంతటితో ఆగితే పన్ను పోయిందనుకోవచ్చును. 1952లో షుమారు మన దేశానికి ఆవల, ఆఫ్రికాలోని కెన్యాలో నివసిస్తున్న అయిదుగురు భారతీయ స్త్రీలలో ష్వార్ట్స్ అనే వైద్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించాడు. బుగ్గల లోపలి పొర నార కట్టినట్లు బిగుసుకొని, నోరు తెరుచుకోవడమే కష్టమవుతుంది. మరుసటి ఏడు, 1953లో, బొంబాయిలో జోషి అనే వైద్యుడు దానిని ఇక్కడి వారిలోనూ గుర్తించాడు. దానికి ముఖ్యకారణం వక్కయేనని తరువాతి పరిశోధనలు తేల్చాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిసిన తాంబూలాన్ని 1985లోను, పొగాకు కలపకపోయినా వక్కను 2004లోను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. "మేము పొగాకు వేసుకోము, వట్టి వక్కే గదా" అనే ఊరటకు ఇక చోటు లేదు.

పొగాకు

పొగాకు మన దేశపు మొక్క కాదు. పోర్చుగీసువారి ఓడలలో వచ్చింది. అక్బరు చక్రవర్తి రాయబారియైన అసద్ బేగ్ బిజాపురానికి వెళ్ళి, అక్కడ పొగాకును మొదటిసారి చూచి, 1604 ప్రాంతంలో దానిని మొగలు దర్బారుకు తీసుకొనిపోయాడు. పాదుషా రెండు మూడు దమ్ములు లాగి చూచాడట. ఆస్థాన వైద్యుడు అడ్డుపడ్డాడు. మన గ్రంథాలలో లేని వస్తువు, గుణదోషాలు తెలియనివి, వాడరాదని అతని వాదం. పరదేశాలలోని పండితులు పరీక్షింపకుండా వాడుతారా అని అసద్ బేగ్ వాదం. చివరకు ప్రభువు మానుకున్నాడు గాని ప్రభువు చుట్టూ ఉన్నవారు మరిగారు. 1617లో జహంగీరు నిషేధించాడు, నిషేధం నిలువలేదు. ఆ కాలంలో ఆదోని బిజాపురం ఏలుబడిలోనిదే. ఢిల్లీ, ఆగ్రాల వారికంటె ముందే పొగాకు తెలిసిన రాజ్యంలో మన సీమ ఉండెనన్న మాట.

మూడు వందల ఏండ్లు గడిచేసరికి గురజాడవారి గిరీశం నోట పొగాకు అమృతబిందువు నుండి పుట్టినదిగా పద్యమెక్కింది. అది వెటకారమే గాని, వెటకారం పుట్టాలంటే ముందు ఆ నమ్మకానికి సమాజంలో చోటుండాలి. చుట్ట మగవారిది. కోస్తాలో, ముఖ్యంగా విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాలలో, స్త్రీలు నిప్పును నోటిలోపల పెట్టుకొని అడ్డపొగ తాగారు. అంగిలికి వచ్చే క్యాన్సరుకు ఆ అలవాటుతో గల సంబంధాన్ని బొంబాయి వైద్యుడు ఖనోల్కర్ 1945లోనే చూపాడు. మా పడమటి సీమలో స్త్రీలకు పొగాకు వేరే వేషంలో చేరింది. అది నశ్యంగా, కన్నడదేశం నుండి వచ్చిన కడ్డిపుడిగా చేరింది. పంటిపోటు వచ్చినప్పుడు "కాస్త నశ్యం పంటికి పట్టించు" అని ఇరుగమ్మ చెబుతుంది. నొప్పి కొంత మొద్దుబారుతుంది. ప్రొద్దున పండ్లకు రాసుకుంటే నోరు శుభ్రమయినట్లు తోస్తుంది. మర్నాడు రాసుకోకపోతే తల పట్టేస్తుంది. అది నికోటిన్ పట్టు. ఆడది చుట్ట తాగితే ముక్కు మీద వ్రేలు వేసుకునే లోకం, పండ్లపొడి అన్నప్పుడు మారు మాటాడలేదు. శుభ్రత, మందు అన్న రెండు ముసుగులు ఒక్కసారే వేసుకొని వచ్చిన రాయి ఇది. నొప్పి తెలియకపోవడమే గాని పిప్పి ఆగదు. పొగాకు నిలిపిన చోట చిగురు జారి వేరు బయటపడుతుంది. ఆ చోటనే తెల్లని మచ్చ, ఆ మచ్చలోనే మానని పుండు పుట్టే ప్రమాదం ఉన్నది.

ఇది మా సీమకే పరిమితం కాదు. మహారాష్ట్రంలో కాల్చిన పొగాకు పొడిని మిశ్రీ అని పండ్లకు రుద్దుతారు. ఉత్తరాదిన గుల్, గుడాకు అంటారు. భారత ప్రభుత్వం 1992లో పొగాకు కలిపిన పండ్లపొడులను, పేస్టులను నిషేధించింది. ఆ నిషేధం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గుట్కా నిషేధం 2013లో వచ్చింది. చట్టం పొట్లాన్ని నిషేధించగలదు. "పంటికి మంచిది" అన్న మాటను నిషేధించలేదు. ఆ మాటను చెరిపే పని ఇంటిలోనే జరగాలి.

దక్కనీ ముస్లిం కుటుంబాలలో స్త్రీలు పండ్లకు, చిగుళ్ళకు నల్లగా పట్టించుకునే మిస్సీని కూడా ఇక్కడ తలచుకోవాలి. మాచికాయ, అన్నభేది వంటివి కలిసిన పొడి అది. ఒకనాడు అది సౌభాగ్యచిహ్నం; నలుపే అందం. నేడు తెలుపే అందం. అందం రంగు మార్చుకున్నది గాని, అందం కొరకు పంటికి ఏదో ఒకటి పూయాలన్న ఆరాటం మారలేదు.

పనిముట్టు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఊరు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం ఆ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. నేతపనిలో పన్ను మూడవ చేయి. పోగు తెగినప్పుడు ముడివేసి మిగులు కొసను పంటితో కొరుకుతారు. కుట్టుపని చేసేవారు దారాన్ని కొరుకుతారు, సూదిని, గుండుసూదిని పండ్ల మధ్య పట్టుకుంటారు. ఇలా ఏండ్ల తరబడి ఒకే చోట ఒత్తిడి పడగా ముందరి పంటి అంచున చిన్న గంటు ఏర్పడుతుంది. నా వద్ద చదువుకున్న నేతగాళ్ళ పిల్లలు కొందరు బడిలో పెన్సిలును, దారాన్ని కూడా అదే నేర్పుతో కొరికేవారు. చూచి నేర్చుకునే విద్యలలో అది మొదటిది.

మగ్గం ఉన్న ప్రతి దేశంలోను ఈ కథ ఉన్నది. ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులలో, అమెరికాలోని మసాచుసెట్స్ మిల్లులలో, నాడె కంటిలో నుండి పోగును నోటితో పీల్చి లాగేవారు. దానికి "నాడెకు ముద్దు పెట్టడం" అని పేరు. ఒకరి నోట పెట్టిన నాడెను మరొకరు పెట్టుకొనేవారు. పత్తి ధూళి ఊపిరిలోకి, గంజి, నూనె నోటిలోకి పోయేవి, పండ్లు చెడేవి. మసాచుసెట్స్‌లో 1911లోనే దానిని నిషేధించారు. లాంకషైర్‌లో నిషేధం వచ్చేసరికి 1952 అయింది. ముద్దు అని ముద్దుపేరు పెట్టినంత మాత్రాన చెరుపు తగ్గలేదు. అక్కడి కూలివానికీ ఇక్కడి నేతగానికీ కారణం ఒక్కటే. కత్తెర తీసుకొని కత్తిరించే క్షణం కూడా కూలిలోనే లెక్కకు వస్తుంది. కనుక వారిని తప్పుపట్టడం కాదు, చేతికి అందేటట్లు మగ్గానికే ఒక చిన్న కత్తెర కట్టిపెట్టడం ఉపాయం.

పనితో పనిలేని వారు కూడా పంటిని పనిముట్టు చేస్తారు. సోడా మూత పంటితో తీయడం, చెరకు గణుపు చీల్చడం, పిన్నీసుతో పండ్ల సందులు కెలకడం, గోళ్ళు కొరకడం. ఇందులో మేలు పేరు ఏదీ లేదు. సామెతలోని రాయి ఇదొక్కటే.

తీపి

కడపటి రాయి కంటికి కనిపించనిది. పంటిపోటుకు పురుగు కారణమని బాబిలోనియా నాటి నుండి లోకం నమ్మింది. సుశ్రుతుడు కూడా పంటి రోగాలలో ఒకదానికి కృమిదంతకమని పేరు పెట్టాడు. వాకుడు విత్తుల పొగ పట్టి పురుగును రాల్చామని చూపేవారు పల్లెలలో ఉండేవారు. ఫ్రెంచి దంతవైద్యుడు ఫోషార్ 1728లో ఆ పురుగు లేదన్నాడు. 1890లో మిల్లర్ అసలు సంగతి తేల్చాడు. నోటిలోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని, పిండిపదార్థాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. ఆ ఆమ్లం ఎనామెల్‌ను కరిగిస్తుంది. ఒక విధంగా 'కృమి' అన్న ప్రాచీనుల మాట పూర్తిగా తప్పు కాదు. ఆ కృమి కంటికి కనబడేది కాదు, పొగకు రాలేది కాదు, అంతే.

తీపి తిన్నప్పుడల్లా ఆమ్లం పుడుతుంది. లాలాజలం దానిని మెల్లగా విరుస్తుంది. అందుకు అరగంటో గంటో పడుతుంది. కనుక ఎంత తిన్నామన్నదాని కంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. పండుగనాడు ఒక్కసారి నాలుగు ఓళిగలు తిన్నవానికంటె, రోజంతా గంటకొక చక్కెర టీ తాగేవాని పండ్లే ముందు పుచ్చుతాయి. మా సీమలో ఒకప్పటి తిండి జొన్నరొట్టె, కొర్రన్నం, ఊరిబిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాత వరియన్నం పేదల పళ్ళెంలోకి కూడా వచ్చింది. అది ఆకలి తీర్చిన మేలు, దాన్ని నిందించను. కాని అదే కాలంలో బంకులలో చక్కెర టీ, బిస్కెట్టు, పిల్లలకు చాక్లెట్టు, రంగుసోడా నిత్యమయ్యాయి. నిద్రబుచ్చడానికి బిడ్డ నోటిలో చక్కెరపాల సీసా పెట్టి వదలడం ప్రేమ పేరుతో వచ్చిన అలవాటు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది. రాత్రంతా ఆ తీపి ముందరి పాలపండ్ల మీదనే ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు నోరు శుభ్రం చేసుకోవడం మన ఇళ్ళలో అలవాటు కాలేదు. దంతధావనాన్ని ప్రాతఃకాల విధిగానే ఎంచుకున్నాము. పంటికి కీడు జరిగేది మాత్రం రాత్రి పూట. పుల్లనిది తాగిన వెంటనే తోమడం కూడా తగదు. మెత్తబడిన పైపొర బ్రష్షుతో పోతుంది. నీళ్ళు పుక్కిలించి, అరగంట ఆగి తోమడం మేలు.

విజ్ఞులైన పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉంటారు. ఈ కథలో దుర్మార్గులెవరూ లేరు. ఇటుకపొడి పట్టినవాడు శుభ్రత కోరాడు. తాంబూలం ఇచ్చినవాడు గౌరవం చేశాడు. నశ్యం రాసుకొమ్మన్న ఇరుగమ్మ నొప్పి తగ్గాలని కోరింది. పాలసీసా ఇచ్చిన తల్లి బిడ్డ ఏడ్వరాదనుకున్నది. అందుచేతనే ఈ అలవాట్లను మాన్పించడం కష్టం. చెడును మానుమంటే మనిషి వింటాడు. మంచి అనుకున్నదాన్ని మానుమంటే పెద్దలను తప్పుపట్టినట్లు బాధపడతాడు. పెద్దలను తప్పుపట్టనక్కర లేదు. వారికి తెలిసినంతలో వారు మేలే చేశారు. మనకు తెలిసినంతలో మనం చేయాలి.

అంగడిలోకి గాని, ఇంట్లోకి గాని పంటికి మంచిదని ఏది వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోవచ్చును. ఇది పన్నుకంటె గట్టిదా? ఇది తీపిదా, పుల్లనిదా? ఇది నోటిలో ఎంతసేపు, ఎన్నిసార్లు ఉంటుంది? ఈ మూటిలో దేనికైనా జవాబు సంశయం కలిగిస్తే దూరంగా ఉంచవలెను. ఇక పొగాకుకు, వక్కకు ఈ ప్రశ్నలు కూడా అక్కరలేదు. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండుగాని, తెల్లని, ఎర్రని మచ్చగాని ఉంటే, నోరు మునుపటివలె తెరుచుకోకుంటే, నశ్యం రాయక, వాయిదా వేయక వైద్యునికి చూపవలెను. ముదిరిన తరువాత కోతపెట్టవలసిన రోగం మొదట్లోనే పట్టుబడితే బ్రతికించుకోవచ్చును. ఈ ఒక్క మాట ఒక్క ఇంటి అవ్వకు చేరినా ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.

మా పొరుగు కన్నడిగులకు ఒక సామెత ఉన్నది. పండ్లు ఉన్నప్పుడు శనగలు లేవు, శనగలు ఉన్నప్పుడు పండ్లు లేవని దాని తాత్పర్యం. మన తాతలకు శనగలు కరువు. మన మనుమలకు శనగలు సమృద్ధిగానే ఉన్నాయి. పండ్లు కూడా ఉండేటట్లు చూచుకోవడం మన చేతిలోని పని.